యాప్‌లో వాల్వ్ మూసేశానంటోంది, ఇంట్లో నీళ్లు మాత్రం ఆగలేదు. తప్పెవరిది?

సింకుకింద_సముద్రం
మూడు వారాల కింద వైర్‌లెస్ లీక్ సిస్టమ్ పెట్టుకున్నా. నాలుగు సెన్సర్లు (సింకు కింద, వాషింగ్ మెషిన్ వెనక, గీజర్ కింద, బాత్రూమ్ గుమ్మం దగ్గర), ఒక హబ్ (సెన్సర్ల మాట విని మోటారుకి చెప్పే డబ్బా), మెయిన్ లైన్ మీద ఒక మోటారు. ఆ మోటారు పైపు కోయకుండా పాత బాల్ వాల్వ్ (లోపల చిల్లున్న బంతి తిరిగి నీళ్లు ఆపేది) మీదే క్లాంపుతో బిగించే రకం, దాని ఫోర్కు లివరుని పట్టుకుని తిప్పుతుంది. ప్లంబర్ అవసరం లేదు, అరగంట పని అన్నారు, నిజంగానే అరగంటలో అయిపోయింది. పెట్టిన రోజు తడి గుడ్డ సెన్సర్ కింద పెట్టి చూశా, కుయ్యోమని మోగింది, మోటారు గుర్రుమంది, యాప్‌లో "వాల్వ్ క్లోజ్డ్" అని ఎర్రగా వచ్చింది, నేను మురిసిపోయా.

మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు సింకు కింద ఫ్లెక్సిబుల్ పైపు కాలర్ దగ్గర చిట్లిపోయింది. ఫోన్‌కి అలర్ట్ వచ్చింది, అరనిమిషం కాకముందే "వాల్వ్ క్లోజ్డ్" కూడా వచ్చింది. ఇంకేంటి, డబ్బులు దండగ కాలేదు అనుకుని నిమ్మళంగా పని చూసుకుని రెండున్నర గంటల తర్వాత ఇంటికొచ్చా. తలుపు తీయగానే చెప్పులు తేలుతున్నాయి. సింకు కింద కప్‌బోర్డు అడుగు చెక్క ఉబ్బిపోయి తలుపు పట్టట్లేదు. ఆ పైపు నుంచి నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి, యాప్‌లో మాత్రం అప్పటికీ "క్లోజ్డ్"!! సింకు కింద యాంగిల్ వాల్వ్ చేత్తో కట్టేస్తే గానీ ఆగలేదు.

ఇప్పుడు నాకు తెలియాల్సింది ఒకటే, అబద్ధం చెప్పింది సెన్సరా, హబ్బా, మోటారా? అసలు ఈ వైర్‌లెస్ యవ్వారమే నమ్మకూడదా?

గోడమీద_పిల్లి
హ్యాండిల్ పేరు ముందే పెట్టుకున్నారా, వరద తర్వాత పెట్టుకున్నారా 😂

సింకుకింద_సముద్రం
తర్వాతే. నవ్వండి నవ్వండి.

చేత్తో_కట్టేస్తా
ఊరెళ్లేటప్పుడు మెయిన్ వాల్వ్ చేత్తో కట్టేసి వెళ్తే ఈ గొడవే ఉండదు కదండీ. మా ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా అదే పద్ధతి. బ్యాటరీ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అసలే అక్కర్లేదు.

జిగ్బీజీవి
అన్నా ఇది సిగ్నల్ సమస్యే అనిపిస్తోంది. కమాండ్ హబ్ నుంచి వెళ్లి ఉంటుంది, మోటారుకి చేరి ఉండదు. కొన్ని యాప్‌లు కమాండ్ పంపగానే క్లోజ్డ్ అని చూపించేస్తాయి, అటువైపు నుంచి జవాబు వచ్చిందా లేదా చూడవు. లాగ్స్ తీసి పెట్టు. మోటారు ఎక్కడుంది, హబ్ ఎక్కడుంది, మధ్యలో గోడలెన్ని?

పైపుల_పెద్దాయన
సిగ్నల్ సంగతి తర్వాత. ముందు ఒకటి చెప్పండి, ఆ సింకుకి నీళ్లు వచ్చేది ఆ వాల్వ్ గుండానేనా? ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నా, ఇంట్లో ఒకటే లైన్ ఉందని చెప్పిన వాళ్ల ఇళ్లల్లో రెండేసి చూశా. వంటింటికి విడిగా ఒక లైన్, బాత్రూములకు పై ట్యాంకు నుంచి ఒకటి, ఇలా ఉంటాయి. మెయిన్ వాల్వ్ చేత్తో పూర్తిగా కట్టేసి ఇంట్లో ప్రతి కొళాయీ విప్పి చూడండి, షవర్, ఫ్లష్ ట్యాంకుతో సహా. ఏదైనా ఆగకుండా వస్తుంటే మీ జవాబు అక్కడుంది.

సగం_ప్లంబర్
వాల్వ్ మూసినా పైపుల్లో మిగిలిన నీళ్లు కారతాయి కదా. పైఅంతస్తు పైపుల్లో ఉన్నది, గీజర్‌లోది, అంతా కిందున్న చిల్లు వెతుక్కుంటూ వస్తుంది. అదే అయ్యుండొచ్చు, కంగారు పడాల్సింది లేదేమో.

లెక్కల_పిచ్చి
@సగం_ప్లంబర్ రెండున్నర గంటలా? మామూలు గీజర్ 15 లీటర్లో 25 లీటర్లో. పైపుల్లో ఇంకొంచెం. అర అంగుళం పైపు మీటరు పొడవులో పట్టేది పావు లీటరు లోపే. అంతా కలిపినా చెప్పులు తేలవు. పైగా గీజర్ ఇన్‌లెట్ దగ్గర ఎన్‌ఆర్‌వీ (ఒకవైపే నీళ్లు పోనిచ్చే వాల్వ్) ఉంటే అందులో నీళ్లు వెనక్కి రావు కూడా.

గోడమీద_పిల్లి
చెప్పులు తేలడానికి ఎన్ని లీటర్లు కావాలో కూడా లెక్కేసి చెప్పండి సార్

లెక్కల_పిచ్చి
గది 12 చదరపు మీటర్లు అనుకుంటే 1 సెంటీమీటరు ఎత్తుకి 120 లీటర్లు. రబ్బరు చెప్పు అయితే రెండు సెంటీమీటర్లకే తేలుతుంది. అడిగారు, చెప్పా.

సింకుకింద_సముద్రం
పెద్దాయన గారూ చెప్పినట్టే చేశా. చేత్తో కట్టేశా (లివరు చాలా బిగుసుకుపోయింది, రెండు చేతులూ పట్టాల్సొచ్చింది), అన్ని కొళాయిలు విప్పా. ఓ నిమిషం కారి అన్నీ ఆగిపోయాయి. అంటే ఒకటే లైన్.

జిగ్బీజీవీ, లాగ్‌లో ఇలా ఉంది: సెన్సర్ తడి, 2 సెకన్లకి కమాండ్, మరో 9 సెకన్లకి మోటారు నుంచి "పూర్తయింది" అని జవాబు. అంటే మోటారు తిరిగింది. మోటారు తిరిగితే వాల్వ్ మూసుకోవాలి. మూసుకుంటే నీళ్లు ఆగాలి. నాకు పిచ్చెక్కుతోంది.

పైపుల_పెద్దాయన
బ్రాకెట్లో రాశారు చూడండి, దొరికింది. రెండు చేతులూ పట్టాల్సొచ్చిందా? మీ రెండు చేతుల పని ఆ బుల్లి మోటారు చేసిందంటే నేను నమ్మను. యాప్ నుంచి మూయమని చెప్పి మీరు వాల్వ్ పక్కన కూర్చోండి. ఫోన్ చూడొద్దు. లివరు చూడండి. ఒక కొళాయి విప్పి పెట్టండి.

జిగ్బీజీవి
జవాబు వచ్చిందంటే రేడియో లింక్ బానే ఉన్నట్టు, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. వీడియో తీసి పెట్టు అన్నా.

తడిమాప్
నాది దీనికి సరిగ్గా తలకిందులు కేసు. మీకు మూసుకోవాల్సినప్పుడు మూసుకోలేదు, మాకు అక్కర్లేనప్పుడల్లా మూసుకుంటుంది. నేల తుడిచిన ప్రతిసారీ బాత్రూమ్ సెన్సర్ మోగుతుంది. ఒకసారి మా ఆయన తలకి షాంపూ పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నప్పుడు మెయిన్ కట్టయింది, లోపల్నుంచి అరుపులు, నేను ఫోన్ ఎక్కడ పెట్టానో వెతుకుతున్నా, పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు.

గోడమీద_పిల్లి
@తడిమాప్ అక్కా ఇది వేరే థ్రెడ్ పెట్టాల్సినంత కథ

సగం_ప్లంబర్
@తడిమాప్ డిలే పెట్టుకోలేదా? సెన్సర్ తడిసిన వెంటనే కాకుండా 20, 30 సెకన్లు తడిగానే ఉంటే మూయమని పెట్టొచ్చు. మాప్ తడి అప్పటికి ఆరకపోయినా గుడ్డతో ఓసారి తుడిచేస్తే సరిపోతుంది. ఇంకో పద్ధతి, ఇంట్లో ఎవరైనా ఉంటే సైరన్ మాత్రమే, ఎవరూ లేకపోతేనే వాల్వ్.

తడిమాప్
డిలే పెట్టాం. తగ్గింది. కానీ ఏసీ కింద పెట్టిన సెన్సర్ ఒకటుంది, అది వేసవిలో డ్రెయిన్ పైపు మూసుకుపోయినప్పుడల్లా మోగి మెయిన్ వాల్వ్ కట్టేస్తుంది. ఏసీ నీళ్లకి, మెయిన్ లైన్‌కి ఏం సంబంధమో దానికి ఎవరు చెప్తారు?

జిగ్బీజీవి
మనమే చెప్పాలి. ఆ సెన్సర్‌ని వాల్వ్ రూల్ లోంచి తీసేసి అలర్ట్ మాత్రం ఉంచండి. ఏసీ కారేది గాల్లోని తేమ, మెయిన్ కట్టేస్తే ఆగేది కాదు. వాన నీళ్లు దిగే చోటా అంతే. సెన్సర్‌కి నీళ్లు ఎక్కడివో తెలీదు, అడుగున రెండు లోహపు చుక్కలు ఉంటాయి, ఆ రెండిటినీ తడి కలిపితే కరెంటు పారుతుంది, అదే దానికి తెలిసిన ప్రపంచం.

సింకుకింద_సముద్రం
చూశా!!! దొంగ దొరికాడు.

స్టూలు మీద కూర్చుని టార్చి వేసి లివరు వైపే చూస్తూ యాప్‌లో మూయి అని నొక్కా. ఫోర్కుకి రెండు వేళ్లు, మధ్యలో లివరు. మొదలు బానే తిరిగింది. మూడొంతుల్లో రెండొంతులు వచ్చాక లివరు ఆగిపోయింది. మోటారు ఆగలేదు. మోటారు మొత్తం క్లాంపుతో సహా ఓ పక్కకి ఒరిగింది, పైపు కూడా వంగడం కనిపించింది (ప్లాస్టిక్ పైపు), ఫోర్కు వేలు పైకి లేచి టక్కున లివరు మీద నుంచి జారి అటువైపు పడింది, అక్కణ్ణుంచి హాయిగా ఖాళీగా తిరిగి 90 డిగ్రీలు పూర్తి చేసుకుని ఆగింది. యాప్‌లో క్లోజ్డ్. కొళాయి కారుతూనే ఉంది.

ఇంకా అన్యాయం ఏంటంటే తెరవమంటే అదే వేలు వెనక్కొస్తూ లివరుని అటువైపు నుంచి తోసుకుంటూ తెచ్చేసి, చివర్లో మళ్లీ దాని మీద నుంచి జారి యథాస్థానంలో బుద్ధిమంతుడిలా కూర్చుంది. తర్వాత చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఆ "క్లోజ్డ్" స్థితిలో కొళాయి కింద 10 లీటర్ల బకెట్ పెట్టి టైమ్ చూశా, నాలుగు నిమిషాల్లో నిండింది.

లెక్కల_పిచ్చి
నిమిషానికి రెండున్నర లీటర్లు. 150 నిమిషాలు. 375 లీటర్లు. గది సైజు చెప్తే చెప్పుల లెక్క కూడా సరిచూస్తా.

పైపుల_పెద్దాయన
అనుకున్నదే. సీసా మూత బిగుసుకుపోతే ఏం చేస్తాం, ఒక చేత్తో సీసా గట్టిగా పట్టుకుని ఇంకో చేత్తో మూత తిప్పుతాం. సీసా కూడా మూతతోపాటు తిరుగుతుంటే మూత రాదు. మీ మోటారుకి సీసా పట్టుకునే చెయ్యి సరిగ్గా లేదు. ఆ క్లాంపే దాని చెయ్యి. ఇనుప పైపు మీదయితే కొంత నయం, ప్లాస్టిక్ పైపు నున్నగా ఉంటుంది, వంగుతుంది కూడా.

లివరు బిగుసుకోవడానికి కారణం, ఏళ్ల తరబడి కదల్చకపోవడం. నీళ్లలో సున్నం ఎక్కువుంటే బంతి చుట్టూ, అది ఆనుకునే సీటు మీద పొర కడుతుంది. తెరిచి ఉంచిన వాల్వ్ తెరిచే ఉంటే తిరిగే దారంతా పొరే.

జిగ్బీజీవి
సాఫ్ట్‌వేర్ వైపు నుంచి చెప్పాలంటే మోటారు లెక్కపెట్టేది తన ఫోర్కు ఎంత తిరిగిందన్నదే. లివరు ఎక్కడుందో, బంతి ఎక్కడుందో దానికి కళ్లు లేవు. పైపు కోసి పెట్టే మోటరైజ్డ్ బాల్ వాల్వుల్లో మోటారు నేరుగా బంతి కాడకే బిగించి ఉంటుంది, ఆ కాడ రెండు చివరలకీ చేరిందా లేదా చెప్పే లిమిట్ స్విచ్‌లు లోపల ఉంటాయి. అవి వైర్లతో బయటికి వచ్చే రకం తీసుకుంటే "క్లోజ్డ్" అన్నమాటకి కాస్త విలువుంటుంది.

చేత్తో_కట్టేస్తా
అదే నేనూ చెప్తున్నా. చెయ్యికి లిమిట్ స్విచ్ అక్కర్లేదు.

గోడమీద_పిల్లి
ఒక డౌటు. పెట్టిన రోజు టెస్ట్ చేశారుగా, అప్పుడెందుకు దొరకలేదు?

సింకుకింద_సముద్రం
చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఆ రోజు ఏ కొళాయీ విప్పలేదు. తడి గుడ్డ పెట్టా, సైరన్ విన్నా, యాప్‌లో ఎర్ర గుర్తు చూశా. నీళ్లు ఆగాయో లేదో చూడలేదు.

గోడమీద_పిల్లి
🙏

తడిమాప్
నవ్వకండి, మేమూ అలాగే చేశాం. మా వాల్వ్ నిజంగా మూసుకుంటుందని షాంపూ రోజే తెలిసింది.

సగం_ప్లంబర్
మోటారు మార్చక్కర్లేదేమో, లివరుని చేత్తో రోజూ పది సార్లు అటూ ఇటూ తిప్పితే వదులవ్వొచ్చు కదా?

పైపుల_పెద్దాయన
కొన్నిసార్లు అవుతుంది. అవుతుందా లేదా గుడ్డిగా నమ్మక్కర్లేదు, కొలవొచ్చు. లగేజీ తూచే కొక్కెం తూకం ఉంటుంది చూశారా, దాన్ని లివరు చివర తగిలించి లివరుకి అడ్డంగా లాగండి. లివరు కదిలేటప్పుడు ఎన్ని కిలోలు చూపించిందో, కాడ నుంచి కొక్కెం దాకా ఎన్ని సెంటీమీటర్లో, రెండూ గుణించండి. 10 సెంటీమీటర్ల దగ్గర 5 కిలోలు పడితే 50 కిలో-సెంటీమీటర్లు. మోటారు డబ్బా మీద టార్క్ (తిప్పే బలం) 30 అని రాసుంటే అది మీ వాల్వుకి పనికిరాదు, 60 అని ఉన్నా అంచు మీద ఉన్నట్టే. మొదటి కదలికకే కాదు, మొత్తం తిరిగే దారిలో ఎక్కడ ఎక్కువ పట్టిందో అది తీసుకోవాలి.

సింకుకింద_సముద్రం
కొలిచా. 9 సెంటీమీటర్ల దగ్గర 7 కిలోల పైన చూపిస్తోంది, సగం దాటాక. మోటారు మీద 40 అని ఉంది. ఇంక మాట్లాడేదేముంది. పైపు కోసి ఇన్‌లైన్ రకం వేయిస్తా. సోలనాయిడ్ వాల్వ్ (మోటారు లేకుండా కరెంటు అయస్కాంతంతో పనిచేసేది) అయితే చిన్నగా ఉంటుంది, అది వేయొచ్చా?

మేడమీద_ట్యాంకు
వద్దు! నేను వేసి తల పట్టుకున్నా. మాది పై ట్యాంకు నుంచి గ్రావిటీ మీద వచ్చే నీళ్లు. చాలా సోలనాయిడ్లు పైలట్ రకం, అంటే లోపలి డయాఫ్రమ్‌ని (దారి మూసే రబ్బరు పొర) ఎత్తేది నీటి ప్రెషరే, దానికి కనీసం 0.3 నుంచి 0.5 బార్ తేడా కావాలి. పది మీటర్ల ఎత్తుకి సుమారు ఒక బార్. మా ట్యాంకు అడుగు షవర్‌కి మూడు మీటర్లు కూడా పైన లేదు. షవర్ నుంచి నీళ్లు బతిమాలితే వచ్చినట్టు వచ్చేవి. పైగా కాయిల్‌కి కరెంటు ఉన్నంతసేపూ వేడెక్కుతూనే ఉంటుంది.

పైపుల_పెద్దాయన
ప్రెషర్ బాగా ఉన్న చోట ఇంకో ఇబ్బంది, సోలనాయిడ్ టప్పున మూసుకుంటుంది, పరిగెత్తే నీళ్లు ఒక్కసారి ఆగి పైపుల్లో ధడేల్‌మంటాయి. వాటర్ హ్యామర్ అంటారు. రోజూ జరిగితే జాయింట్లు వదులవుతాయి. లీకు ఆపడానికి పెట్టినది లీకు తెస్తుంది. బాల్ వాల్వ్ మోటారు 5 నుంచి 15 సెకన్లు తీసుకుని నిదానంగా మూస్తుంది. ఆ పది సెకన్లలో ఇల్లు మునిగిపోదు. ఫుల్ బోర్ రకం తీసుకోండి, లోపల రంధ్రం పైపంత ఉండాలి.

వేయించేటప్పుడు చూసుకోవాల్సినవి చెప్తా, ఎవరూ చెప్పరు కాబట్టి. పాత చేతి వాల్వ్ పూర్తిగా తీసేయొద్దు, పాడైతే కొత్తది వేసి దాని తర్వాత మోటారు వాల్వ్ పెట్టండి, మోటారుది రిపేరుకి తీయాలంటే ముందు నీళ్లు ఆపేది ఒకటి ఉండాలిగా. అటొకటి ఇటొకటి యూనియన్లు (విప్పి మళ్లీ బిగించుకునే జాయింట్లు) వేయించండి, లేకపోతే తీసిన ప్రతిసారీ పైపు కోయాల్సిందే. మోటారు పాడైతే చేత్తో తిప్పే గుండీ దాని మీద ఉందో లేదో కొనేముందే చూడండి. మరలు బీఎస్పీనా ఎన్‌పీటీనా (రెండు వేర్వేరు మర కొలతల పద్ధతులు) చూసుకోండి, అర అంగుళం, ముప్పావు అంగుళం రెండిట్లోనూ అంగుళానికి 14 మరలే కాబట్టి చేత్తో రెండు మూడు చుట్లు ఎక్కుతుంది, సరిపోయిందే అనుకుంటాం, కానీ ఒకదాని మర కోణం 55 డిగ్రీలు, ఇంకోదానిది 60, ఎంత టేపు చుట్టినా చెమ్మ కారుతూనే ఉంటుంది. టెఫ్లాన్ టేపు మర బిగించే దిక్కుకే చుట్టాలి. ప్లాస్టిక్ ఫిట్టింగ్ అయితే రెంచ్‌తో బలం చూపించొద్దు, ఆ రోజు పగలదు, ఆరు నెలలకి రాత్రిపూట పగులుతుంది.

గోడమీద_పిల్లి
రాత్రిపూటే ఎందుకో

పైపుల_పెద్దాయన
ప్లంబర్ ఫోన్ ఎత్తడని దానికి తెలుసు.

మేడమీద_ట్యాంకు
పెద్దాయన గారు చెప్పని ఒకటి: ప్రెషర్ పంపు ఉన్నవాళ్లు జాగ్రత్త. వాల్వ్ మూసుకుంది, పంపు మాత్రం తిరుగుతూనే ఉంటే లోపలి నీళ్లు అక్కడే సుడి తిరుగుతూ వేడెక్కి సీల్ పోతుంది. ప్రెషర్ స్విచ్ ఉన్న పంపు దానంతటదే ఆగుతుంది. టైమర్ మీదో మామూలు స్విచ్ మీదో నడిచేదైతే వాల్వ్ మూసుకోగానే పంపు కరెంటు కూడా తీసేలా రిలే (దానంతటదే పడే స్విచ్) పెట్టుకోవాలి.

సగం_ప్లంబర్
ఫైర్ స్ప్రింక్లర్లు ఉన్న బిల్డింగుల్లో అయితే ఆ లైన్ ఈ వాల్వ్ కిందికి అసలు రాకూడదు. పొగలో మంటలో ఏదో సెన్సర్ తడిసి మెయిన్ మూసుకుందనుకోండి...

చేత్తో_కట్టేస్తా
కరెంటు పోతే? వైఫై పోతే? ఆ రెండూ పోయినప్పుడే పైపు పగిలితే?

జిగ్బీజీవి
మంచి ప్రశ్నే (మీరు వెక్కిరించడానికి అడిగినా సరే).

వైఫై, ఇంటర్నెట్: సెన్సర్ తడిస్తే వాల్వ్ మూయాలన్న నిర్ణయం ఎక్కడ జరుగుతోందన్నదే అసలు విషయం. కొన్నిట్లో సెన్సర్ మాట ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్లి, అక్కణ్ణుంచి తిరిగి మీ మోటారుకొస్తుంది. ఇంటర్నెట్ పోతే ఎవరి దారి వాళ్లదే. హబ్ లోపలే రూల్ నడిచే రకం తీసుకోవాలి. పరీక్ష తేలిక, రౌటర్‌కి వచ్చే ఇంటర్నెట్ కేబుల్ పీకేసి సెన్సర్ తడపండి. నేను హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోనే నడిచే స్మార్ట్ హోమ్ సాఫ్ట్‌వేర్) మీద నడుపుతున్నా, ఫోన్‌కి అలర్ట్ రాకపోయినా వాల్వ్ మూసుకుంటుంది.

రేంజ్: జిగ్బీ (సెన్సర్లు, హబ్ మాట్లాడుకునే ఒక రేడియో పద్ధతి), వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే. కాంక్రీట్ గోడలు, ఇనుప తలుపులు, నీళ్ల ట్యాంకులు ఆ సిగ్నల్‌ని మింగేస్తాయి, మన వాల్వులేమో ఎప్పుడూ అలాంటి మూలల్లోనే ఉంటాయి. మెష్ కదా ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతుందిలే అనుకోకండి, బ్యాటరీ మీద నడిచే సెన్సర్లు వేరేవాళ్ల మాట మోయవు, ప్లగ్‌లో గుచ్చిన పరికరాలే మోస్తాయి. మధ్యలో ఒక స్మార్ట్ ప్లగ్ పెడితే చాలా ఇళ్లల్లో సరిపోతుంది. వైఫై 1, 6, 11 ఛానళ్లలో ఉంటే జిగ్బీని 25కి మార్చితే గోల తగ్గుతుంది. ఇంకా దూరం కావాలంటే జడ్-వేవ్ ఉంది, దేశాన్ని బట్టి 860ల నుంచి 920ల మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, గోడలు బాగా దాటుతుంది.

కరెంటు: మామూలు మోటారు బాల్ వాల్వ్ కరెంటు పోతే ఉన్నచోటే ఉంటుంది, తెరిచి ఉంటే తెరిచే. కరెంటు పోగానే లోపల దాచుకున్న శక్తితో మూసుకునేవీ ఉన్నాయి, కానీ కరెంటు పోయినప్పుడల్లా నీళ్లు కూడా పోతాయి, ఇంట్లో వాళ్లు మిమ్మల్ని వదలరు. హబ్, రౌటర్, వాల్వ్ మూడూ 12 వోల్టుల చిన్న యూపీఎస్ మీద పెట్టేయడం నయం, ఒక్కోటి ఎన్ని వోల్టులు అడుగుతుందో చూసుకుని.

చేత్తో_కట్టేస్తా
వెక్కిరించడానికే అడిగా. జవాబు బాగుంది.

రాత్రి_డ్యూటీ
అందరూ నేలమీద సెన్సర్ల గురించే మాట్లాడుతున్నారు. నేలమీదకి రాని లీకుల సంగతేంటి? మా ఇంట్లో ఫ్లష్ ట్యాంకులో రబ్బరు మూత సరిగ్గా కూర్చోక రోజంతా నీళ్లు కమోడ్‌లోకి జారిపోయేవి, చుక్క కూడా బయట పడదు, ఏ సెన్సరూ మోగదు. మెయిన్ లైన్‌కి ఫ్లో మీటర్ పెట్టాకే తెలిసింది, తెల్లవారుజామున మూడింటికి అందరూ నిద్రలో ఉన్నప్పుడు కూడా మీటరు తిరుగుతోంది. ట్యాంకులో కాస్త రంగు కలిపి అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచితే కమోడ్‌లో రంగు తేలింది.

ఇంకో రకం కూడా ఉంది, రాత్రి కొన్ని నిమిషాలు వాల్వ్ మూసి పైపుల్లో ప్రెషర్ పడిపోతుందేమో చూస్తుంది. పడితే ఎక్కడో కారుతున్నట్టు. గోడ లోపలి చిన్న లీకులు అలాగే దొరుకుతాయి.

సగం_ప్లంబర్
చుక్క చుక్క లీకుకి అంత హంగామా అవసరమా? సెకనుకి ఒక చుక్క పడితే రోజుకి ఎంతని, నాలుగు లీటర్లు.

లెక్కల_పిచ్చి
ఎలా వచ్చింది నాలుగు?

సగం_ప్లంబర్
మందు డ్రాపర్‌లో 20 చుక్కలకి ఒక మిల్లీలీటరు కదా. రోజుకి 86,400 సెకన్లు. 4.3 లీటర్లు.

లెక్కల_పిచ్చి
కొళాయి చుక్క డ్రాపర్ చుక్క కాదు, మూతి వెడల్పు కాబట్టి లావుగా ఉంటుంది. పావు మిల్లీలీటరు అని లెక్కేసేవాళ్లూ ఉన్నారు, అప్పుడు రోజుకి 21.6 లీటర్లు. మీ నాలుగుకి ఐదు రెట్లు.

రాత్రి_డ్యూటీ
మా బాల్కనీ కొళాయి కింద గంటసేపు కొలగ్లాసు పెట్టా ఒకసారి, సెకనుకి సుమారు ఒక చుక్కే. 400 మిల్లీలీటర్లు. రోజుకి 9.6. ఇద్దరూ తప్పే.

లెక్కల_పిచ్చి
ఆ కొళాయి మూతి ఎంత వెడల్పు?

గోడమీద_పిల్లి
ఇక ఈ థ్రెడ్ మునిగింది

సింకుకింద_సముద్రం
అప్‌డేట్. నిన్న ఇన్‌లైన్ మోటారు వాల్వ్ వేయించా. పాత బాల్ వాల్వ్ కోసి తీశాక లోపలికి చూస్తే బంతి మీద తెల్లటి గరుకు పొర, గోటితో గీకినా రాలేదు. కొత్త చేతి వాల్వ్, తర్వాత యూనియన్, మోటారు వాల్వ్, ఇంకో యూనియన్. మొదటిసారి ఒక మర దగ్గర చెమ్మ పట్టింది, టేపు తిరగేసి చుట్టారు, విప్పి మళ్లీ చుట్టించా (ఆ మాట ఇక్కడ చదవకపోతే నాకూ తెలిసేది కాదు). తోటకి పోయే లైన్ వాల్వ్‌కి ముందు నుంచే తీయించా, లేకపోతే రేపు ఫ్లో మీటర్ పెడితే మొక్కలకి నీళ్లు పెట్టిన ప్రతిసారీ ఫ్లో లెక్కలు గందరగోళం అవుతాయి.

టెస్ట్ ఈసారి ఇలా చేశా. సింకు కొళాయి, బాత్రూమ్ కొళాయి రెండూ విప్పి, ఇంటర్నెట్ కేబుల్ పీకేసి, సెన్సర్ కింద గ్లాసుడు నీళ్లు పోశా. ఫోన్ పక్క గదిలో పెట్టేశా. సింకులో ధార 8 సెకన్లకి సన్నబడి ఆగింది, తర్వాత ఓ నిమిషం చుక్కలు. బకెట్ పెట్టి పావుగంట చూశా, అడుగు కూడా తడవలేదు.

నెలకోసారి దానంతటదే మూసుకుని తెరుచుకునేలా కూడా పెట్టా, మళ్లీ పొర కట్టకుండా. సెన్సర్ల జాగాలు కూడా మార్చా, సింకు కింద కప్‌బోర్డులో నేల వెనక్కి వాలుగా ఉంది, నేను ముందువైపు పెట్టా, నీళ్లు అక్కడిదాకా వచ్చేసరికే వెనకంతా తడిసిపోతుంది. వాషింగ్ మెషిన్ వెనక తాడులా ఉండే సెన్సర్ పరిచా.

తడిమాప్
పాత మోటారు ఏం చేశారు?

సింకుకింద_సముద్రం
టేబుల్ మీదుంది. మా చిన్నోడు బటన్ నొక్కుతుంటే గాల్లో 90 డిగ్రీలు తిరిగి క్లోజ్డ్ అంటోంది, చాలా శ్రద్ధగా.

చేత్తో_కట్టేస్తా
ఒక చిన్న సాయం కావాలి. ఈ థ్రెడ్ చదువుతూ చదువుతూ అనుమానమొచ్చి మా మెయిన్ వాల్వ్ కట్టి చూద్దామని వెళ్లా. తిరగట్లేదు. గట్టిగా పట్టి చూశా, పావు చుట్టు తిరిగి కిర్రుమంది, ఇప్పుడు అటూ రావట్లేదు ఇటూ రావట్లేదు.

గోడమీద_పిల్లి
ముప్ఫై ఏళ్లుగా అదే పద్ధతి అన్నారుగా

చేత్తో_కట్టేస్తా
ఊరెళ్లి ఆరేళ్లయింది లెండి.

పైపుల_పెద్దాయన
నవ్వడం తర్వాత. అది లివరా, గుండ్రటి చక్రమా?

చేత్తో_కట్టేస్తా
ఎర్ర చక్రం.

పైపుల_పెద్దాయన
గేట్ వాల్వ్ అది. ఇంక ముట్టుకోకండి, బలం పెడితే లోపల కాడ తెగి గేటు సగంలో ఇరుక్కుంటుంది. రెంచ్ ఉంటే దాచేయండి. దానికి ముందు, నీళ్లు వచ్చే వైపు, ట్యాంకు దగ్గరో మీటరు దగ్గరో ఇంకో వాల్వ్ ఉందేమో చూసి చెప్పండి, అది తిరుగుతుందో లేదో మాత్రం తిప్పి చూడకండి.